నాలుగో తరగతి గేటు మీటింగు

గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్లను ఆనుకుని ఉన్న ఆ చిన్న ప్రైవేటు బడిలో, నాలుగో తరగతికి ఎప్పుడూ సాదియానే ఫస్ట్. పక్కన కూర్చునే సంతోషికి అది గర్వంగా ఉండేది.

ఆ ఏడాది గురుకుల ప్రవేశ పరీక్షలో అందరికీ సీట్లు రావాలని హెడ్మాస్టరు సదానందం సార్ పట్టుబట్టాడు. ఆటల పీరియడ్ తీసేశాడు. ఆదివారాలు కూడా క్లాసులు పెట్టాడు. ప్రతి సోమవారం ప్రేయర్‌లో ర్యాంకులు చదివేవాడు.

దసరా తర్వాత సాదియాకు పొద్దున లేస్తూనే కడుపునొప్పి మొదలైంది. దవాఖానలో ఏమీ లేదన్నారు. ర్యాంకు పడిపోయింది. అది అందరి ముందూ చదువుతుంటే తల వంచుకుని నిలబడింది. ఒకరోజు పరీక్షలో పెన్ను పట్టుకుని కూర్చుంది కానీ ఒక్క అక్షరం రాయలేదు. మొండితనం అనుకుని సార్ గట్టిగా మందలించాడు. మరునాటి నుంచి ఆమె బడికి రాలేదు.

సంతోషి వాళ్లింటికి వెళ్లి చూసింది. సాదియా గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"పుస్తకం చూస్తెనే ఏడుపొస్తుంది," అని మాత్రం అంది.

సంతోషి తండ్రి మొగిలి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. ఆ సాయంత్రం ఆయన అన్నం తింటుంటే, సెలవే ఇవ్వకుండా పని చేయిస్తే ఏం చేస్తారని సంతోషి అడిగింది. తన పని గురించే అనుకున్నాడాయన. ముందు అందరం కలిసి అడుగుతామని, వినకపోతే బాయి గేటు ముందు మీటింగు పెట్టి కూర్చుంటామని చెప్పాడు.

మరునాడు పిల్లలంతా కలిసి ఆదివారం సెలవివ్వమని సార్‌ను అడిగారు. ఆయన నవ్వి క్లాసుకు పొమ్మన్నాడు. ఆ మరునాడు నాలుగో తరగతి వాళ్లు ఒక్కరు కూడా లోపలికి వెళ్లలేదు. బ్యాగులు ఒళ్లో పెట్టుకుని గేటు ముందు కూర్చున్నారు.

సార్ తల్లిదండ్రులకు ఫోన్లు చేశాడు. రాత్రి షిఫ్టు దిగిన మొగిలి నేరుగా అక్కడికే వచ్చాడు. కూతురికి బుద్ధి చెప్పమన్నాడు సార్. మొగిలి ఆమె ముందు గొంతుక్కూర్చుని, ఏం కావాలని అడిగాడు.

సంతోషి వేళ్లు మడుస్తూ చెప్పింది. "ఆదివారం సెలవియ్యాలె బాపు. ఆటల పీరియడ్ మల్ల పెట్టాలె. ర్యాంకులు అందరి ముంగట చదువొద్దు. సాదియా వస్తే, రాయకున్నా కూసోనియ్యాలె."

మొగిలి తల ఊపాడు. తర్వాత ఆమె పక్కనే నేలమీద కూర్చున్నాడు. అది చూసి మిగతా తల్లిదండ్రులూ ఒక్కొక్కరే కూర్చున్నారు.

"సీట్లు రాకపోతే రేపు మీరే నన్నడుగుతరు," అన్నాడు సార్. ఆయన గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ.

"మాకే వారానికో ప్లేడే ఉన్నది సార్," అన్నాడు మొగిలి. "ఆ ఒక్క సెలవు లేకపోతే మేం బాయిల దిగలేం. వీళ్లు పసిపిల్లలు."

సార్ సాదియా తల్లి ఫక్రున్నీసా వైపు చూసి, పాప ఎలా ఉందని అడిగాడు. అన్నం కూడా సరిగ్గా తినడం లేదని ఆమె చెప్పింది. ఆయన చాలాసేపు గేటు పట్టుకుని నిలబడ్డాడు. చివరికి, పిల్లలు అడిగినట్టే చేద్దామన్నాడు.

పిల్లలు అక్కడినుంచి సాదియా ఇంటిదాకా ఊరేగింపుగా వెళ్లారు. గెలిచినం, గెలిచినం అని వాళ్లు అరుస్తుంటే వీధిలో ఆటోలు ఆగిపోయాయి. సాదియా తలుపు చాటు నుంచి బయటికొచ్చింది.

మరునాడు బడికి వచ్చింది. చాలా రోజులు ఏమీ రాయలేదు, ఎవరూ అడగలేదు. ఖోఖోలో మాత్రం ఎవరికీ దొరకలేదు. కడుపునొప్పి మాటే మరిచిపోయింది. ఒక మధ్యాహ్నం సంతోషి లెక్క తప్పు చేస్తుంటే, గిట్ల కాదే అంటూ పెన్ను లాక్కుని తానే చేసింది. తర్వాతి లెక్క కూడా చేసింది. ఇక ఆపలేదు.

ఎండలు ముదిరాక ఫలితాలు వచ్చాయి. ఆ బడికి మునుపెన్నడూ రానన్ని సీట్లు. సాదియాకూ వచ్చింది, సంతోషికీ వచ్చింది. ఆ కబురు చెప్పడానికి సదానందం సార్ క్వార్టర్లకు తానే నడిచి వచ్చాడు. పేర్లన్నీ చదివాడు. ఇకనుంచి అన్ని తరగతులకూ ఇదే పద్ధతి అన్నాడు.

ఫక్రున్నీసా గిన్నెడు చక్కెర తెచ్చి, మొదటి పిడికెడు సార్ చేతిలోనే పోసింది. మొగిలి పిల్లలిద్దరినీ భుజాల మీదికి ఎత్తుకున్నాడు. అంత ఎత్తు నుంచి సాదియా క్వార్టర్లన్నీ వినబడేలా తన పేరు తానే అరిచి చెప్పింది.