రెండు పళ్ల సందున దారం

మా ఆవిడకి కింది దవడలో గట్టిగా మిగిలినవి రెండే పళ్లు. ఎడమ పక్కన ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. కట్టుడు పళ్ల సెట్టుకి తీగ కొక్కెం ఒకటుంది, అది వాటినే పట్టుకుని నిలుస్తుంది.

సెట్టు నోట్లో లేనప్పుడు ఆవిడ మాట్లాడదు. నాతో కూడా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తలూపుతుంది, అంతే. సెట్టు పెట్టుకుందా, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. మా షూల దుకాణానికి అరిగిన మడమ వేయించుకోవడానికి వచ్చినవాళ్లు వాళ్లింటి గుట్టంతా ఆవిడకి అప్పజెప్పి వెళ్తారు. కుట్టేది నేను, మాట్లాడేది ఆవిడ. దుకాణం అలాగే నడిచింది. ఇల్లూ అలాగే నడిచింది.

అలాంటిది, పళ్ల డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి ఆ రెండు పళ్ల మధ్య వేలు చూపించింది.

"ఈ నల్ల నీడ చూడండి. పుచ్చు మొదలైంది. పైపొర ఇంకా విరగలేదు కాబట్టి ఆపొచ్చు. ఫ్లోరైడ్ పేస్టు రోజూ పడుకునే ముందు ఆ సందులోకి వెళ్లి అక్కడే నిలవాలి."

"రెండు పూటలా తోముతానమ్మా," అంది మా ఆవిడ.

"బ్రష్ పైపైనే పోతుంది పెద్దమ్మా, సందులోకి దూరదు. సరే, తోమాక ఏం చేస్తారు?"

"పుక్కిలిస్తాను. చెంబుడు నీళ్లతో. నోరు శుభ్రంగా ఉండొద్దూ?"

"అదిగో. వేసిన మందంతా మీరే కడిగేసుకుంటున్నారు. నురగ ఉమ్మెయ్యండి, చాలు. నీళ్లు వద్దు."

పళ్లు వచ్చినప్పటి నుంచీ పుక్కిలిస్తున్న మనిషి. ఎంగిలి నోటితో పడుకోమంటావా అన్నట్టు డాక్టరమ్మ వంక చూసింది.

"ఈ రెండూ పోతే?" అన్నాను.

"కొక్కేనికి పట్టు ఉండదు. దవడ ఎముక బాగా అరిగిపోయింది తాతగారూ, వేరే రకం సెట్టు కూడా నిలవడం కష్టం."

వచ్చేటప్పుడు దారంతా మా ఆవిడ మాట్లాడలేదు. సెట్టు నోట్లోనే ఉంది.

ఆవిడ చేతులు వణుకుతాయి. అందుకని ఆ పని నా మీద పడింది. డాక్టరమ్మ నేర్పినట్టే, పేస్టు వేలితో తీసి సందు మీద రుద్దాలి. పళ్ల సందుల్లో వాడే సన్నదారం ఒకటి ఇచ్చింది, దాన్ని మెల్లగా దించి, పేస్టుని లోపలికి తీసుకెళ్లి, ఆ పంటికీ ఈ పంటికీ రాయాలి. దుకాణంలో దీపం తెచ్చి అద్దం పక్కన తగిలించాను. మొదటిరోజు నోరు తెరవమంటే, ఆవిడ కళ్లు మూసుకుని తెరిచింది. ఇన్నేళ్ల కాపురంలో సెట్టు లేని ఆ నోరు నేను చూడటం అదే మొదలు.

డాక్టరమ్మ ఇచ్చిన దారం నున్నగా, జారుడుగా ఉంది. పేస్టు బయటే ఉండిపోతోందని నాకు అనుమానం. తోలు కుట్టేవాడికి దారం అంటే ఒకటే తెలుసు. మైనం రుద్దితే అది పోగుల్లోకి ఇంకాలి, దారంతోపాటు చిల్లులోకి పోవాలి. ఈ దారం దేన్నీ ఇంకించుకోదు. మైనం తగలని కొత్త నూలు దారం దుకాణం నుంచి తెచ్చాను. పేస్టు రుద్దితే బాగా పట్టింది. సందులోకి దిగింది కూడా. నాలుగు రోజులు బాగానే జరిగింది.

అక్కడితో ఆగితే బాగుండేది. సన్నదారానికే ఇంత పేస్టు పడితే లావుదానికి ఇంకెంత పడుతుందో అనిపించింది. మడమలు కుట్టే మూడు పోగుల దారం తీశాను.

దీపాలు పెట్టే వేళ. కోడలు అన్నాలకి సిద్ధం చేస్తోంది. ఎంత పేస్టు పడుతుందో చూడాలన్న తొందరలో పడుకునేదాకా ఆగలేకపోయాను. దారం లోపలికి కష్టంగా దిగింది. పేస్టు రాశాను. పైకి తీయబోతే రాలేదు. ఇంకాస్త లాగాను. మా ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

వెనక పంటికి ఎప్పుడో పుచ్చు పూడ్చడానికి వేసిన సిమెంటు ఉంది. దారం తడికి ఉబ్బి, ఆ సిమెంటు అంచు కింద ఇరుక్కుంది.

"మామయ్యా, లాగకండి!" కోడలు చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. "పన్నే ఊడొస్తుందేమో!"

"ఊఁ! ఊఁ!" అంది మా ఆవిడ. పెదాల మధ్య నుంచి దారం రెండు కొసలూ వేలాడుతున్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

కోడలు డాక్టరమ్మకి ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పెట్టింది.

"పైకి లాగొద్దు. సిమెంటు లేచొస్తుంది. నాలుక వైపు కొస వదిలేసి, బుగ్గ వైపు నుంచి అడ్డంగా లాగండి. మెల్లగా."

అడ్డంగా లాగాను. కదల్లేదు.

"రావట్లేదమ్మా. ఉబ్బిపోయింది."

"ఉబ్బడమేంటి? ఏ దారం అది?"

నేను కోడలి వంక చూశాను.

"మామయ్య షూలు కుట్టే దారం వాడారండీ," అంది కోడలు.

డాక్టరమ్మ నిదానంగా అంది, "నేను ఊళ్లో లేను, పొద్దున్నే వస్తాను. అంతదాకా అలాగే ఉంచితే చిగురు వాస్తుంది. ఇంకొక్కసారి చూడండి. రాకపోతే బలవంతం చెయ్యకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి."

చేతులు తుడుచుకున్నాను. తోలులో దారం బిగుసుకుంటే లాగితే తోలు చిరుగుతుంది. అప్పుడు పురి విప్పుతాం. ఒక్కొక్క పోగు విడదీసి తీస్తాం. తోలు చిరిగితే ఇంకో ముక్క వేయొచ్చు. ఇక్కడ వేయడానికి ఇంకో ముక్క లేదు.

"ఏమే, కదలకు. నీ పళ్లు నేను తెంపను," అన్నాను.

ఆవిడ నా కళ్లలోకి చూసింది. నా మణికట్టు వదిలేసింది.

కోడలు దీపం దగ్గరగా పట్టుకుంది. రెండు కొసల్నీ వేళ్ల మధ్య వెనక్కి తిప్పి పురి విప్పాను. తడి దారం, జారిపోతోంది. మళ్లీ పట్టుకున్నాను. ఒక పోగు విడిపడింది. దాన్నొక్కదాన్నే బుగ్గ వైపుకి అడ్డంగా లాగాను. వెంట్రుకవాసి కదిలింది. ఆగాను. మళ్లీ లాగాను. వచ్చేసింది.

"ఒకటొచ్చిందత్తయ్యా," అని గుసగుసగా అంది కోడలు.

రెండోది వదులై తేలిగ్గానే వచ్చింది. మూడోది చివర్లో పట్టేసింది. మెల్లగా లాగాను. పుటుక్కుమంది.

దారం నా చేతిలో ఉంది. దాని కొసన పసుపు రంగులో ఆవగింజంత పెళ్ల ఒకటి అంటుకుని ఉంది.

"సిమెంటేనా మామయ్యా?"

అరచేతిలో వేసుకుని దీపానికి పెట్టి చూసినా తెలియలేదు. మా ఆవిడ నా అరచేతిలోకి చూసింది. నోరు మూసేసుకుంది. చెయ్యి అడ్డం పెట్టేసుకుంది. సెట్టు గిన్నెలో నీళ్లలో ఉంది. పెట్టి చూడమంటే తల అడ్డంగా ఊపింది. మెతుకు ముట్టకుండా వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఆ పెళ్లని కాగితంలో చుట్టి దిండు కింద పెట్టుకున్నాను. గోడ గడియారం చప్పుడు చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

పొద్దున డాక్టరమ్మ తలుపు తీసేసరికి మేం మెట్ల మీద ఉన్నాం. డాక్టరమ్మ కాగితం విప్పి, ఆ పెళ్లని గోటితో నలిపి చూసింది.

"ఇది గార. పంటికి పట్టిన పాచే గట్టిపడితే ఇలా అవుతుంది. సిమెంటు కాదు."

అయినా ఎక్స్‌రే తీసింది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. నేను కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

"సిమెంటు కదల్లేదు. నీడ ఉన్నచోటే ఉంది. తగ్గిందో లేదో చెప్పడానికి ఇంకా టైం పడుతుంది. పెరగలేదు, అంతవరకు నయం. పేస్టు రాయడం మానొద్దు. కానీ తాతగారూ, ఈ నోట్లోకి ఇంకోసారి షూల దారం వస్తే నేను మిమ్మల్ని కుట్టేస్తాను."

కొత్త దారం డబ్బా నా చేతిలో పెట్టింది. నున్నగా ఉండాలనే అలా చేస్తారట. పేస్టు దారానికి పట్టక్కర్లేదు, ముందే సందు మీద పెడితే దారం లోపలికి నెడుతుందట.

మా ఆవిడ అటు తిరిగి సెట్టు పెట్టుకుంది. కొక్కెం పడింది. టక్కుమని నాకు వినపడింది.

ఇటు తిరిగింది.

"మడమలు కుట్టే దారమా? నా నోరేమైనా నీకు బూటులా కనపడిందా? నిన్న రాత్రంతా ఈ మాట అనలేక చచ్చాను, తెలుసా! ఇంట్లో తాడు లేదూ, అది కూడా తేవాల్సింది!"

మెట్లు దిగుతూ తిట్టింది. బస్సులో తిట్టింది. పక్క సీటావిడకి మొదటి నుంచీ చెప్పి, ఆవిడ చేత కూడా తిట్టించింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఒక్క మాట కూడా పోకుండా విన్నాను.

ఆ రాత్రి పడుకునే ముందు అద్దం పక్కన దీపం వెలిగించి, డాక్టరమ్మ ఇచ్చిన నున్నటి దారం వేళ్లకి చుట్టుకున్నాను. ఆవిడ సెట్టు తీసే ముందు నా చేతులకేసి చూసింది.

"కడుక్కున్నావా? తోలు కంపు కొడితే ఊరుకోను."

"కడుక్కున్నానే."

"ఏదీ, చూపించు."

చూపించాను. సెట్టు తీసి గిన్నెలో వేసింది. నోరు తెరిచింది, ఈసారి కళ్లు మూసుకోలేదు.