కెంపమ్మ చెయ్యెత్తిన రోజు

లేత్ మిషన్ కింద చేరిన ఇనుప తురుమును కొక్కెంతో బయటికి లాగుతూ కెంపమ్మ మరోసారి గోడ గడియారం వైపు చూసింది. పదకొండు కావస్తోంది. ఇంకా నాలుగు గంటలున్నాయి. మూడింటికి మొదటి షిఫ్టు వదలగానే షెడ్డు వెనక ఖాళీ జాగాలో యూనియన్ ఎన్నిక. పొద్దున్నుంచీ ఇలా ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. యాభై ఏడేళ్ల మనిషికి ఇదేం ఆత్రమని తనను తానే కసురుకుంది. కసురుకుని మళ్లీ గడియారం వైపే చూసింది.

పొట్టి మనిషి. చీర మీద మగవాళ్ల ఖాకీ చొక్కా తొడుక్కుంటుంది. అరచేతుల నిండా సన్నటి తెల్లగీతలు, ఇరవై మూడేళ్లుగా ఇనుప తురుము గీసిన గీతలు. చింతామణి పక్క పల్లె నుంచి మొగుడు నంజప్ప వెంట పీణ్యా పారిశ్రామికవాడకు వచ్చింది. నంజప్ప ఈ ఫ్యాక్టరీలోనే ప్రెస్సు మిషన్ మీద పనిచేస్తూ కామెర్లతో పోయాడు. అతని ఉద్యోగం ఇవ్వలేమని చెప్పి ఆమె చేతికి చీపురిచ్చారు. తొమ్మిదేళ్లు కాంట్రాక్టు మనిషిగానే ఊడ్చింది. హేమంత్‌కుమార్ యూనియన్ ప్రెసిడెంటు అయ్యాక ఆమె కోసం, ఆమెలాంటి మరో ఆరుగురి కోసం పనివాళ్లందరినీ పదిహేడు రోజులు గేటు ముందు కూర్చోబెట్టాడు. పద్దెనిమిదో రోజున ఆమె పర్మనెంటు అయింది. తర్వాత వచ్చిన ప్రతి ఎన్నికలోనూ అతని పేరు చెవిన పడగానే ఆమె చెయ్యి దానంతటదే లేచేది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనను తాను అడగలేదు.

ఈసారి మాత్రం సోమవారం నుంచీ ఆమెకు సరిగ్గా నిద్ర లేదు.

సోమవారం నాడు నోటీసు బోర్డు మీద ఒక జాబితా అంటించారు. ఫ్యాక్టరీకి సైన్యం వాహనాల విడిభాగాల ఆర్డరు వచ్చింది. దాని కోసం కొత్త షెడ్డు కట్టారు. చల్లటి గాలి మిషన్లు, నున్నటి నేల, తలుపు తెరవడానికి మెడలో వేసుకునే పాసు. అందులోకి ఎవరెవరు వెళ్లాలో పేర్లిమ్మని యజమాని యూనియన్‌ను అడిగితే ప్రెసిడెంటు రాసిచ్చిన జాబితా అది. కెంపమ్మకు చదువు రాదు. తన పేరు ఎలా ఉంటుందో మాత్రం తెలుసు. వేలు పెట్టి వెతికితే చివరి నుంచి మూడోది దొరికింది. ఊడ్చే పనికి. సంతోషం పట్టలేక, పక్కనే నిలబడ్డ ఇన్‌స్పెక్షన్ అమ్మాయి జెస్సీని మిగతా పేర్లు చదవమంది.

జెస్సీ చివరిదాకా చదివింది.

"దస్తగిరి పేరు చదవలేదే?"

"లేదు ఆంటీ. నా పేరు కూడా లేదు."

"మర్చిపోయింటారులే."

"మర్చిపోలేదు ఆంటీ. అడిగాను. నేషనల్ సెక్యూరిటీ మ్యాటర్ అంట. రిస్క్ వద్దన్నారు ప్రెసిడెంట్ సార్." ఆ పిల్ల నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నేను గుంటూరులో ఆదివారం చర్చికి వెళ్లేదాన్ని. అంతకుమించి ఏం చేశానో నాకైతే తెలీదు."

దస్తగిరిది కదిరి. ఇరవై రెండేళ్లుగా ఏడో నంబరు లేత్ మీద ఉన్నాడు. పేర్లు ఎందుకు లేవో ఆ సాయంత్రానికల్లా షెడ్డంతా తెలిసిపోయింది. మంగళవారానికి మనుషులు రెండుగా చీలిపోయారు. టీ దగ్గర చీలారు, నీళ్ల కుళాయి దగ్గర చీలారు. నాలుగేళ్ల కిందట ప్రెసిడెంటు యూనియన్ గదిలో దేవుడి పటం పెట్టి హారతి మొదలుపెట్టిన రోజునే దీనికి బీజం పడిందని కొందరన్నారు. అసలు సరిహద్దులో సంగతేమిటో తెలుసా మీకు అని మరికొందరు లేచారు. ఫోన్లు ఒకరి ముఖానికొకరు చూపించుకున్నారు. బుధవారం నాడు, ఎప్పుడూ గొంతెత్తని గంగన్న, పావగడ నుంచి వచ్చిన, లేత్ పనిలో అందరికంటే పెద్ద టర్నరు, ప్రెసిడెంటు మీద తాను నిలబడుతున్నానని చెప్పాడు.

పదకొండున్నరకు హేమంత్‌కుమార్ స్వయంగా ఆమె దగ్గరకొచ్చాడు. ఎత్తయిన మనిషి. నొసట బొట్టు, ఇస్త్రీ చొక్కా. కళ్లకింద మాత్రం వారం రోజుల నలుపు.

"కెంపక్కా, సోమవారం నుంచి నీకు కొత్త షెడ్డు. ఈ దుమ్ములో ఇంక దగ్గే పనిలేదు."

"దస్తగిరి పేరు ఎందుకు రాయలేదప్పా?"

ఆమె అడుగుతుందని అతను అనుకోలేదు. ఆ మాటకొస్తే ఆమే అనుకోలేదు.

"వాని మీద నాకు కోపమేమీ లేదక్కా. రేపు అక్కడ ఏమన్నా ఒకటి జరిగితే, మొదట అడిగేది నన్ను. ఆర్డరు పోతే అరవై ఇండ్లు రోడ్డున పడతాయి. నాకు భయం ఉండదా?"

అతని కళ్లలో నిజంగానే భయముంది. కెంపమ్మ తలొంచుకుని తురుము లాగసాగింది.

మధ్యాహ్నం దస్తగిరి మిషన్ కింద ఊడ్వడానికి వంగింది. అతనే అన్నాడు.

"అక్కా, మా చిన్నాయన మిలిటరీలో చేసినాడని చెప్పమంటా ఉండారు గంగన్న వాళ్లు. నేను చెప్పను."

"చెప్తే ఏమప్పా?"

"ఆయన మిలిటరీలో చేయకపోయింటే? అప్పుడు నేను ఎవరిని?" మిషన్ ఆపకుండానే అన్నాడు. చేతి కింద ఇనుము ఒకే పొడుగాటి చుట్టగా జారుతోంది.

మూడయింది. ఖాళీ జాగాలో అందరూ చేరేసరికి రేకుల మీద వాన చినుకులు టపటపమన్నాయి, అయినా ఒక్కరూ కదల్లేదు. హేమంత్‌కుమార్ బాగా మాట్లాడాడు. బస్సు తెచ్చింది చెప్పాడు, క్యాంటీను తెచ్చింది చెప్పాడు, దేశం ముందు మనమెంత అన్నాడు. ఒక పక్కంతా ఈలలు. గంగన్న లేచి, యజమాని అడిగింది పోలీసు విచారణ కాగితాలేననీ, దస్తగిరివీ జెస్సీవీ ఏ మచ్చా లేదని అందరికంటే ముందే వచ్చాయనీ చెప్పబోయాడు. ఆ నీరసపు గొంతు కేకల్లో మునిగిపోయింది. "దేశం కంటే వాళ్లెక్కువా?" అని ఎవరో అరిచారు. "నీకే ఉండాదా దేశం?" అని ఇంకెవరో తిరగబడ్డారు. ఒకరి చొక్కా ఇంకొకరి చేతిలోకి వచ్చింది.

"కొంచెం ఆగండప్పా!"

ఆ గొంతు ఎవరిదో ఎవరికీ అర్థం కాలేదు. కెంపమ్మ వాన నీళ్ల డ్రమ్ము పక్కనున్న ఇటుకల మీదికి ఎక్కి నిలబడింది. డ్రమ్ము అంచును ఒక చేత్తో పట్టుకుంది. ఒళ్లంతా ఏదో వేడి, కొండ దిగే బండికి బ్రేకు లేనట్టు ఒక ఊపు.

"నాకు దేశం గురించి ఏమీ తెల్దు. తప్పు పోయిన పీసులేసే రిజెక్టు డబ్బా గురించి తెలుసు. ఇరవై మూడేండ్లుగా మీ అందరి మిషన్ల పక్కన ఉండే ఆ డబ్బాలు ఎత్తి పారేసేది నేను. ఎవరి డబ్బా ఎంత బరువుండాదో నా నడుమును అడగండి." ఎవరో ఫక్కున నవ్వారు. "ఏడో నంబరు డబ్బా వారానికొకసారి కూడా నిండదు. తప్పు పీసు పోతే అక్కడ ఎండలోనో మంచులోనో బండి ఆగిపోతాది. దాంట్లో ఉండేది మన పిల్లోళ్లు. బండి చేసినోని దేవుడెవరని ఆ పిల్లోళ్లు అడుగుతారా?"

పట్టుకున్న చొక్కాను ఎవరో వదిలేశారు.

"గదిలో పటం దినమూ తుడిచేది కూడా నేనే. దానికి నేనూ మొక్కుతా. ఎవరినీ ఎల్లగొట్టమని అది నాకు ఏ పొద్దూ చెప్పలేదు. మంచి పనోడే కాబట్టి ఉండనీమని కూడా నేను అడగడం లేదు. మనోడు కాబట్టి అడుగుతా ఉండాను."

చెయ్యెత్తే వేళ వచ్చింది. మొదట పాత ప్రెసిడెంటు పేరు. ఆ పేరు వినగానే అలవాటు కొద్దీ కుడిచెయ్యి కదిలింది. కెంపమ్మ ఎడమచేత్తో దాన్ని పట్టుకుంది. అతని వైపు చూడలేకపోయింది. ఇరవై ఆరు చేతులు లెక్కకొచ్చాయి. తర్వాత గంగన్న పేరు. చెయ్యి ఎత్తడమే కాదు, మునివేళ్ల మీద లేచి నిలబడింది. ఆమె వెనక ఒకటొకటిగా, ఆపైన గుంపుగా, ముప్పై ఎనిమిది.

అరుపులు ఆ వీధి చివరిదాకా వినబడి ఉంటాయి. గంగన్నను భుజాల మీదికి ఎత్తేశారు, ఆయన దించండ్రా అని బతిమాలుకున్నాడు. జెస్సీ వానలో పరిగెత్తుకొచ్చి ఆంటీని కావలించుకుంది. దస్తగిరి దూరంగా నిలబడి రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు, వాన తగ్గిన తర్వాత కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు. కొత్త జాబితాలో మొదటి పేరు ఎవరిదో గంగన్న భుజాల మీది నుంచే చెప్పేశాడు. కెంపమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. పెళ్లినాడు కూడా ఇంతమంది ఆమె ముఖంలోకి చూడలేదు.

ఐదింటికి, గుంపు చెదిరిపోయాక, రోజూ ఊడ్చినట్టే యూనియన్ గది ఊడ్వడానికి వెళ్లింది. హేమంత్‌కుమార్ ఒక్కడే లోపల కాగితాలు సర్దుతున్నాడు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"రా కెంపక్కా, నీ పని నువ్వు చేసుకో."

ఆమె మూలన ఊడ్వడం మొదలుపెట్టింది. అతను కుర్చీ ఎక్కి పటం తీయబోయాడు.

"ఉండనీప్పా. దాన్ని ఎవరూ వద్దనలేదు."

అతను పటం మీంచి చెయ్యి తీసి, కుర్చీ దిగాడు.

"ఆనేకల్లో మా బావమరిదికి వర్క్‌షాపు ఉండాది. రమ్మని ఎన్ని రోజుల్నించో పిలుస్తా ఉండాడు. సోమవారం నుంచి ఇంక రాను."

"ఓడిపోతే ఎల్లిపోవల్లనా? నీ మిషన్ యాడికీ పోలేదు కదప్పా."

"మిషన్ ఉంటాదిలే అక్కా. నాకే మీ ముఖాలు చూసే ధైర్యం లేదు." తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "నాకు కూడా దస్తగిరి పేరు కొట్టేసిన రాత్రి నిద్ర పట్టలేదు."

బయట బండి స్టార్టయింది. గేటు దాటి, ఎడమకు తిరిగి, లారీల చప్పుడులో కలిసిపోయింది. కెంపమ్మ చీపురు గోడకానించి, అతను ఎక్కిన కుర్చీని తుడిచింది. ఇందాకటి సంతోషం ఎక్కడికీ పోలేదు. దాని పక్కనే ఇంకొకటి వచ్చి కూర్చుంది.

బల్ల కింద ఊడుస్తుంటే చీపురుకు ఏదో తగిలింది. వంగి తీసింది. అతని స్టీలు క్యారియరు, మూడు గిన్నెలది. మూత తీయకుండానే బరువు చేతికి తెలిసింది. పొద్దున ఇంట్లో ఎలా కట్టిచ్చారో అలాగే, గిన్నెల నిండుగా ఉంది.