నేలలో ఇనుము దించని రోజు

గుడ్‌ఫ్రైడే నాడు మా లూసియానా చిత్తడి ఊళ్లలో ఎవరూ నేలలో ఇనుము దించరు. దించితే నేల నెత్తురు కక్కుతుందట. నేను నమ్మను, కానీ ఆ రోజు పార జోలికి మాత్రం పోను. నవ్వుకుంటే నవ్వుకోండి.

చిత్తడి పూడ్చి రోడ్డు వేస్తున్నారని తెలిసినప్పటి నుంచి మా ఒడీలియా పెద్దమ్మకు కంటి మీద కునుకు లేదు. పెద్దనాన్న తెయోఫిల్ తుఫానులో కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. పడవ మాత్రం ఆ చిత్తడిలోనే సైప్రస్ చెట్ల కింద, ఎర్ర ఐరిస్ పూల మధ్య బోర్లాపడి కనిపించింది. సర్వపరిశుద్ధుల పండుగకు ఊరంతా సమాధులకు సున్నం కొట్టుకుంటుంటే, పెద్దమ్మ ఆ పూల దగ్గర కొవ్వొత్తి వెలిగించి వస్తుంది. ఆయనకు వేరే సమాధి లేదు.

"ఆ పూల దుంపలు తవ్వి తెచ్చి మన పెరటి కాలవ పక్కన పెట్టుకుందాం. రేపే పోదాం పెద్దమ్మా" అన్నాను గురువారం, తెల్లారితే గుడ్‌ఫ్రైడే అన్నది మరిచి.

"రేపా? మతి పోయిందా నీకు? శనివారం పోదాం. ఆ రోడ్డు మిషన్లోళ్లు మాత్రం రేపు తవ్వుతారేంటి? వాళ్లకీ దేవుడున్నాడు."

నిజమే అనిపించింది. ఇక్కడ పెరిగినవాళ్లకి ఇంకోలా తోచదు.

శుక్రవారం పొయ్యి మీద క్రాఫిష్ ఉడుకుతుండగా మోత వినిపించింది. పరుగెత్తాం. పసుపుపచ్చ మిషను మట్టిని నీళ్లలోకి తోస్తోంది. అప్పటికే సగం ఐరిస్‌లు ఆ మట్టి కింద కూరుకుపోయాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమయ్యా, ఇవాళేం రోజో తెలుసా?" అని అరిచాను.

"శుక్రవారం. ఏం, మీకు సెలవా?" అన్నాడు డ్రైవరు. పరాయి ఊరివాడు, నిజంగానే తెలియక అడిగాడు. వెటకారం చేసినా అంత బాధ ఉండేది కాదు.

పెద్దమ్మ చెప్పులు విడిచి, గౌను ఎగదోపుకుని, మిషనుకు ఎదురుగా నీళ్లలోకి దిగింది. డ్రైవరు గాభరాపడి ఇంజను ఆపేశాడు.

"పెద్దమ్మా, ఇవాళ నేల ముట్టుకోకూడదు కదా..."

"నా చేతిలో పార ఉందా? నోర్మూసుకుని పట్టు."

మోచేతుల దాకా బురదలో పెట్టి దుంపలు పెకలించి నా చేతుల్లో వేయసాగింది. ఏ ఆల్చిప్ప కోసుకుందో, అరచేతి నెత్తురు నీళ్లలో కలిసింది. అది చూసి చెయ్యి పైకెత్తి తిప్పి చూసుకుంది.

"నేలది కాదులే, నాదే" అంది, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

"ఇంకెంతసేపమ్మా?" అన్నాడు డ్రైవరు.

"మా ఆయన్ని ఇంటికి తీసుకెళ్లేదాకా" అంటూ మళ్లీ బురదలో చేతులు పెట్టింది. మట్టి పడ్డ వైపు మాత్రం ఒక్కసారీ చూడలేదు.