పెచ్చులమ్మ పూసిన నున్నటి గోడ

గులాబీ రంగు ఇంటి మీద తాను ఎప్పుడో చెక్కిన పగులును ఆమె పుట్టీతో మూస్తోంది. కిటికీ మూల దగ్గర మొదలై, కొంత దూరం బుద్ధిగా కిందికి దిగి, అక్కడ మనసు మార్చుకుని ఎడమకు తిరిగే పగులు అది. దాన్ని చెక్కిన రోజుల్లో పరంజా మీదికి పిల్లిలా ఎక్కేది. ఇప్పుడు ఒక్కో మెట్టుకీ ముందు మోకాళ్లతో ఒక ఒప్పందానికి రావలసి వస్తోంది. రేకుతో పుట్టీని లాగి, అరచేత్తో నిమిరి, చెంప ఆనించి వారగా చూసింది. గీత కనబడలేదు. ముఖం మీద ముడతలు కూడా ఇలా రేకుతో పోయేటట్టయితే ఈ పార్కులో ఆ దుకాణమే ముందు పెట్టి ఉండేవారు.

పార్కు గేట్లు ఇంకా తెరవలేదు. అవతల ఎక్కడో రోలర్ కోస్టర్‌ను ఖాళీగా తిప్పి చూస్తున్నారు. కేకలు లేకుండా ఆ బండి తిరిగితే, కేకలతో తిరిగినప్పటికన్నా ఎక్కువ భయం వేస్తుంది.

ఆమె పని గోడలను ముసలివాటిని చేయడం. కొత్తగా కట్టిన గోడకు పెచ్చులు లేపి, చెమ్మ ఎక్కించి, పాచి పట్టించి, ఎండకు వెలిసినట్టు రంగు పలుచన చేసి, మూడు వందల ఏళ్ల వయసు తెప్పించడం. అందుకే అందరూ ఆమెను పెచ్చులమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవారు. తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆమె పలకడం కూడా మొదలుపెట్టాక ఇక అందులో సరదా పోయి, అదే పేరుగా మిగిలింది.

పార్కులో ఆమె ముసలి చేసిన ఇటలీ వీధి అంటే ఐదు ఇళ్లు, ఒక గంటల బురుజు, ఒక ఫౌంటెను, మోకాలి లోతు కాలువ, దాని మీద చిన్న వంతెన, వీధి చివర అడ్డంగా ఒక పొడవాటి గోడ. ఆమె ఇటలీ చూడలేదు. వీధిని గీసిన మొదటి డిజైనరు కూడా చూడలేదనే ఆమె అనుమానం. ఆయన సన్నగా, పొడవుగా, ఎప్పుడూ జలుబుతో ఉండేవాడు. కాగితాల మీద ఇళ్లు గీసి చూపించి, ఇక్కడ మనుషులు పుట్టి, పోట్లాడుకుని, ముసలివాళ్లయి పోయినట్టుండాలి అన్నాడు. ఎవరా మనుషులు అని ఆమె అడిగింది. ఆయన ముక్కు తుడుచుకుని, నీకు తెలిసినవాళ్లను పెట్టుకో, నాకు తెలిసినవాళ్లు గోడలకు ఆనుకోరు అన్నాడు.

ఆమె తనకు తెలిసినవాళ్లను పెట్టింది. పెళ్లయిన కొత్తలో ఉన్న ఇంట్లో కిటికీ ఊచల కింద కారిన తుప్పు చారను పసుపు ఇంటికి ఇచ్చింది. అత్తగారు లేచేటప్పుడు పట్టుకునే గుమ్మం చెక్క ఎక్కడ నల్లబడిందో, సరిగ్గా అక్కడే పచ్చ ఇంటి గుమ్మాన్ని నల్లబరిచింది. పిన్ని ఇంటి పెరటి తూము కింది పాచి ఫౌంటెను మెట్లకు వెళ్లింది. అలా ఆమె ఎరిగిన అద్దె ఇళ్ల చెమ్మంతా ఇటలీకి వలసపోయింది. ఒకసారి నిజంగా ఇటలీ చూసి వచ్చిన ఒక పెద్దమనిషి పచ్చ ఇంటి ముందు నిలబడి, అచ్చం అక్కడ ఉన్నట్టే ఉందని భార్యతో అన్నాడు. చెమ్మకు పాస్‌పోర్టు అక్కర్లేదని ఆమెకు ఆ రోజు తెలిసింది.

గోడలు కట్టింది ఆమె భర్త. తాపీమేస్త్రీ. చిక్కంతా అక్కడే వచ్చింది. అతను పెట్టిన ఇటుక వంకర పోయిందని ఎవరూ అనలేదు, అననివ్వలేదు కూడా. గంటల బురుజు ఒక పక్కకు ఒరిగి ఉండాలని డిజైనరు గీసి ఇచ్చాడు. మేస్త్రీ తూకం గుండు వేసి, బురుజును నిటారుగా కట్టి, పరంజా విప్పాక చూపించాడు. డిజైనరు ఫౌంటెను గట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. కాగితం తప్పు గీశారనుకుని తానే సరిచేశానని మేస్త్రీ ఎంతో మర్యాదగా చెప్పాడు. బురుజును సగం కూల్చి మళ్లీ కట్టించారు. రెండోసారి కట్టినన్నాళ్లూ అతను ఇంటికి వచ్చి సరిగ్గా అన్నం తినలేదు. చేతులు చెడిపోతున్నాయి అనేవాడు.

దాని మీద భార్య పగుళ్లు.

"నేను నున్నగా పూస్తాను, నువ్వు పెచ్చులు లేపుతావు. ఇదేం కాపురమే?"

ఈ మాట అతను సంవత్సరాల తరబడి అన్నాడు. బంధువులను తీసుకొచ్చి వీధి చూపించేటప్పుడు మాత్రం ముందే జాగ్రత్త పడేవాడు. గోడలు నావి, ఆ పగుళ్లు మాత్రం మా ఆవిడవి అని చెప్పేసేవాడు. వచ్చినవాళ్లు ఆమె వైపు జాలిగా చూసేవారు.

వీధి కూడా మనుషుల్లాగే మారింది. మొదటి డిజైనరు జలుబుతో సహా వెళ్లిపోయాక కొత్త యజమానులు వచ్చారు. ఒరిగిన బురుజులోంచి జనాన్ని పైకి తీసుకుపోయి కిందికి వదిలేసే ఆట పెట్టారు. ఫౌంటెను మధ్యలో గరిటె పట్టుకున్న లావుపాటి వంటవాడి బొమ్మ లేచింది. కాలువలో పడవలు తీసేసి ప్లాస్టిక్ బాతులను వదిలారు. ఆమె ప్రతిసారీ కొత్తదాన్ని పాతదానిలో కలిపేసింది. వంటవాడి బొమ్మకు కూడా మోచేతుల దగ్గర రంగు వెలిసేలా చేసి, అతనికీ ఒక బతుకు ఇచ్చింది. ఈసారి మాత్రం కలపడానికేం లేదు. వీధి మొత్తం మిఠాయి రంగుల్లోకి మారిపోతోంది. మరక ఉండకూడదు, పగులు ఉండకూడదు, నీడ కూడా ఉండకూడదట. ఇటలీ పేరు ఉంటుంది, బోర్డు మీద.

ముసలి చేయడానికి గోడలు లేకపోతే ఆమెకు పని లేదు. ఆటల దగ్గర జనానికి త్రీడీ కళ్లద్దాలు అందించే పని ఇస్తామన్నారు. వద్దంది. ఈ రోజుతో ఆఖరు.

వారం రోజులుగా తన పగుళ్లను తానే ఒక్కొక్కటిగా మూసుకుంటూ వచ్చింది. గొడవ చేస్తుందని స్టోరు చూసే అతను రంగు స్ప్రే కొట్టేవాళ్లతో పందెం కూడా వేశాడట, ఓడిపోయాడు. గోడలు కంపెనీవి, పగుళ్లూ కంపెనీవే, తీసుకోమను అని ఆమె అతనితో అంది. కొత్త డిజైనరును మాత్రం ఒక్కటి అడిగింది. వీధి చివరి గోడ మీద, రాతి బల్లకు పైన, కూర్చున్న మనిషి తల తగిలేచోట గుండ్రంగా ఒక మరక ఉంది. దాన్ని ఉంచమంది.

ఆ మరకను మొదట వేసింది ఆమే. వాళ్ల అద్దె ఇంట్లో మంచం పక్క గోడ మీద మేస్త్రీ తల ఆనించి ఆనించి పడ్డ మచ్చను జానతో కొలిచి తెచ్చి, ఇక్కడ బల్ల పైన వేసింది. అతనికి చెప్పలేదు. అతను వచ్చి చూసి, ఇంత ఎత్తులో ఎవడి తల ఉంటుంది, కొలత తప్పావు అన్నాడు. నిరూపించడానికి బల్ల మీద కూర్చున్నాడు. తల వెళ్లి సరిగ్గా మరకలో ఆనింది. లేవలేక అలాగే కూర్చున్నాడు. ఆ తర్వాత పార్కులో మరమ్మతు పనులు చేసినన్నేళ్లూ మధ్యాహ్నం భోజనం అయ్యాక అక్కడే కూర్చునేవాడు. ఆమె వేసిన రంగు ఎప్పుడో అరిగిపోయింది. మిగిలింది అతని తలనూనె.

అతను పోయి నాలుగేళ్లవుతోంది. ఆ అద్దె ఇంటిని యజమాని సున్నం కొట్టించి ఇంకొకరికి ఇచ్చాడు. ఇప్పుడు ఆమె ఉంటున్న గదిలో అతని ఫోటో ఉంది. ఫోటో తీసినవాడు నవ్వమంటే నవ్వాడు కాబట్టి, అది అతనిలా ఉండదు.

భోజనాల వేళకు కొత్త డిజైనరు వచ్చింది. చిన్నపిల్ల, తలమీద హెల్మెట్, కళ్లకింద నిద్రలేమి. బల్ల మీద ఆమె పక్కన కూర్చుంది. తల మరకకు తగలకుండా కొంచెం ముందుకు వంగి కూర్చుంది. పెచ్చులమ్మ అది గమనించింది.

"మళ్లీ అడిగానమ్మా. కుదరదన్నారు."

"చెంబంత మరక. ఎవరిని కరుస్తుందట?"

"ఇక్కడ జనం ఫోటోలు దిగుతారు కదా. సరిగ్గా తల వెనకాల పడుతుంది. మురికి అనుకుంటారంటున్నారు."

"మురికే. మనిషన్నాక అంటుతుంది. ఊరంతా ఇంత మరక కూడా లేకపోతే ఎవరూ బతకలేదనుకోరూ?"

"ఇప్పుడిది ఊరు కాదమ్మా. ఐస్‌క్రీం."

ఆ పిల్ల ఈ మాట నవ్వకుండానే అంది. అందుకే పెచ్చులమ్మకు ఆమె మీద కోపం రాలేదు. కోపం మాత్రం ఉంది. ఎవరి మీద పెట్టాలో తెలియక, డబ్బా మూత బిగించినట్టు గట్టిగా బిగించి కూర్చుంది.

ఆ పిల్లే మళ్లీ నెమ్మదిగా చెప్పింది. ఇష్టం లేకపోతే ఈ గోడను స్ప్రేవాళ్లకు ఇచ్చేస్తానని, ఆమె చూడనక్కర్లేదని, కావాలంటే ఇప్పుడే ఇంటికి వెళ్లిపోవచ్చని.

పెచ్చులమ్మ లేచి నిలబడింది. మోకాళ్లను అడగలేదు.

"మా ఆయన కట్టిన గోడ. నేను ముసలి చేసిన గోడ. మధ్యలో వాళ్లెవరు? నేనే పూస్తాను."

డిజైనరు తల ఊపింది. లేచి రెండడుగులు వేసి ఆగి, అది నూనె మరక కాబట్టి ముందు దాని మీద మరకలను ఆపే ప్రైమర్ రెండు పూతలు వేయాలని, లేకపోతే పైన ఎన్నిసార్లు రంగు వేసినా కొన్నాళ్లకు నూనె పైకి వచ్చేస్తుందని చెప్పింది. మీకు తెలియదని కాదు, చెప్పాలి కాబట్టి చెబుతున్నానంది.

"తెలుసమ్మాయ్. చెప్పడం నీ పని, చెప్పావు."

స్టోరు అతను ప్రైమర్ డబ్బా మోసుకొచ్చి బల్ల పక్కన పెట్టాడు. ఓడిన పందెం గురించి ఇంకా మూలుగుతూనే ఉన్నాడు.

"ఒక్క రోజన్నా గొడవ చేసి ఉంటే నేను గెలిచేవాణ్ణి కదక్కా. దీని మూత మహా బిగువు. స్క్రూడ్రైవరు తెమ్మంటావా?"

"అక్కర్లేదు. పో."

మధ్యాహ్నమంతా ఆమె గోడ పూసింది. నిమ్మపండు రంగు. పైనుంచి మొదలుపెట్టింది. రోలరును తడిపి, తట్ట మీద ఒత్తి, అదనపు రంగు దులిపి, ఒక్క బిగిన కిందికి దించింది. ఒక పట్టీ అంచు తడి ఆరకముందే రెండోది దాన్ని అందుకునేలా చూసుకుంది. ఎక్కడా గీత పడలేదు, బొట్టు కారలేదు. ఇన్నేళ్లుగా గోడలను పాడుచేయడంలో పండిపోయిన చేతులు, ఇంత నున్నగా పూయడం తమకు ఎప్పుడూ చేతనైనట్టే పనిచేశాయి. మేస్త్రీ ఉంటే మెచ్చుకునేవాడు. మెచ్చుకున్నట్టు కనబడకుండా గోడ చివరిదాకా నడిచి, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని వేలితో తట్టి చూసేవాడు.

స్ప్రేవాళ్లు పని ఆపి కాసేపు చూసి వెళ్లారు. ఒకడు మాత్రం, పెచ్చులమ్మకు ఇంత నున్నటి పని కూడా వచ్చా అని తనలో తాను అనుకున్నాడు, అందరికీ వినబడేలా. ఆమె తిరిగి చూడలేదు.

బల్ల పైభాగానికి వచ్చేసరికి ఆగింది. ఎడమచేతి అరచేయి మరక మీద ఆనించింది. చుట్టూ ఉన్న గోడ గరుకుగా ఉంది. అక్కడ మాత్రం నున్నగా, కొంచెం జిడ్డుగా తగిలింది. గోడ మొత్తంలో ఆమె చేయి పడకుండా నున్నబడ్డ చోటు అదొక్కటే. ఇన్నాళ్ల పోట్లాటలో ఆయన గెలిచినచోటు.

వంగి బల్ల పక్కకు చూసింది. తర్వాత రోలరును రంగులో ముంచి, ఆ చోటు మీదుగా పైనుంచి కిందికి, మిగతా గోడ మీద ఎలా వెళ్లిందో అలాగే వెళ్లింది. మరక పసుపులో మునిగింది. తడిగా ఉన్నంతసేపు ఒక గుండ్రటి నీడ కదిలినట్టయింది. ఆరాక అదీ లేదు. రెండో పూత కూడా వేసింది. గోడంతా ఒకే రంగు, ఒకే నునుపు.

నూనెకు తొందర లేదు. ఆమెకూ లేదు. మళ్లీ పూస్తారు. పూయనీ. ఎన్నిసార్లు తోసేసినా మధ్యాహ్నం అయ్యేసరికి వచ్చి అక్కడే కూర్చునే మనిషి సంగతి వాళ్లకేం తెలుసు?

రోలరు కడిగింది. బ్రష్షులను పిండి, వెంట్రుకలు దువ్వి, గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. రంగు అంటిన చొక్కా విప్పి మడిచింది. పార్కులో దీపాలు వెలుగుతున్నాయి. డిజైనరు వచ్చేసరికి ఆమె వంతెన మీద ఉంది.

"అయిపోయిందా అమ్మా?"

"గోడ అయిపోయింది."

చాలా బాగా వచ్చిందని ఆ పిల్ల అంది. అవునంది పెచ్చులమ్మ. ఇంకేమైనా అనాలని ఆ పిల్ల అనుకున్నట్టుంది, కానీ ఈలోగా ఆమె వంతెన దిగిపోయింది. పసుపు ఇంటి పక్కగా, పచ్చ ఇంటి ముందుగా, దేని వైపూ తల తిప్పకుండా నడిచింది. కాపలాదారుకు తన కార్డు ఇచ్చి, గేటు దాటింది. ఆ రాత్రి కూడా ఎప్పటిలాగే బస్సులో నిలబడే వెళ్లిందని తర్వాత ఎవరో చూసినవాళ్లు చెప్పారు.

డిజైనరు గోడ దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసింది. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. వెనక్కి తిరగబోతుంటే బూటు దేనికో తగిలింది. ఖాళీ డబ్బా అనుకుని పక్కకు తోయబోయింది, కదల్లేదు. వంగి రెండు చేతులతో ఎత్తి చూసింది. బరువుగా ఉంది. ఒకసారి గోడకేసి, ఒకసారి వంతెనకేసి చూసి, ఎత్తినంత నెమ్మదిగా దాన్ని మళ్లీ నేల మీద పెట్టి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

రాతి బల్ల పక్కన, నిమ్మరంగు గోడ కింద, ప్రైమర్ డబ్బా నిండుగా ఉంది. మూత అంచున ఒక్క గీత కూడా పడలేదు.