మడతల సూపర్‌వైజరు

దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు కావాలి. చెరో కొసా పట్టుకుని, విదిలించి, ఒకరి దగ్గరికి ఒకరు నడవాలి. ఆ రోజు అటు కొస ఇస్త్రీ అక్క చేతిలో ఉంది, ఇటు కొస నా చేతిలో. మేమిద్దరం దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలోంచి ఎవరో ఒకావిడ, "ఇక్కడ మడతల సూపర్‌వైజరు ఎవరండీ?" అని అడిగింది. నేను ఇస్త్రీ అక్క వైపు చూశాను. ఆవిడ నావైపు చూసింది. మా లాండ్రీలో అంత పెద్ద ఉద్యోగం ఒకటుందని ఇద్దరికీ తెలియదు. "అలాంటివాళ్ళెవరూ లేరమ్మా" అన్నాను అమాయకంగా. అది కొంప ముంచే మాటని, మా ఆయన కౌంటరు వెనకనుంచి చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చినప్పుడు గాని తెలియలేదు.

వచ్చినావిడ పన్నుల ఆఫీసరు. నలుగురిని పెట్టుకుని చిన్న వ్యాపారం నడిపేవాళ్ళు కూడా ఎవరికెంత జీతమిచ్చిందీ, అందులో పన్నెంత పట్టుకున్నదీ, పింఛను ఖాతాలో ఎంత జమ చేసిందీ నెలనెలా ప్రభుత్వానికి చెప్పుకోవాలట. మా ఆయన క్రమం తప్పకుండా చెప్పుకుంటూనే ఉన్నాడు. ఆ కాగితాల్లో ఇస్త్రీ అక్క ఉంది, వ్యాన్ డ్రైవరు ఉన్నాడు, వాళ్ళిద్దరి పైన మడతల సూపర్‌వైజరుగా నేనున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో ఆడిటరు మా ఇంటికొచ్చి, "ఇంటావిడ పేరు జీతాల్లో వేసెయ్యండి సార్, లాభం తగ్గుతుంది, పన్నూ తగ్గుతుంది" అంటూంటే ఆయన ముందు టీ కప్పు పెట్టింది నేనే. ఎవరింటావిడో అనుకున్నాను. తర్వాత మా ఆయన చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను. జీతం నా ఖాతాలో పడుతోంది, ఆయన తీస్తున్నాడు, గ్యాసుకీ సబ్బుకీ పోతోందన్నమాట. మొత్తానికి మా ఆయన నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నాడు, ఆ ముక్క నాకు చెప్పడమే మరిచిపోయాడు.

"ఇంట్లోవాళ్ళకి జీతమివ్వడం తప్పేం కాదు" అంది ఆఫీసరమ్మ, మూటల మధ్య ఉన్న బల్లమీద కూర్చుంటూ. "కానీ ఆ మనిషి నిజంగా పనిచెయ్యాలి. ఊరికే పేరు రాసుకున్నారనుకోండి, ఇన్నేళ్ళ పన్నూ వెనక్కి కట్టాలి, పైన జరిమానా. ఆవిడేమో అసలు అలాంటివాళ్ళే లేరంటున్నారు." మా ఆయన మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. కొత్త మెషీను అప్పు ఇంకా తీరలేదు. ఆ జరిమానా మీద పడితే షట్టరు దించెయ్యడమే. ఇస్త్రీ అక్క చేతిలో దుప్పటి కొస అలాగే ఉండిపోయింది. ఆవిడ జీతం మీద ఒక సంసారం నడుస్తోంది. ఇంతమంది కూడు నేను పనిచేస్తున్నానా లేదా అన్న ఒక్క ప్రశ్న మీద నిలబడింది.

నాకు భయం వేసింది. ఎందుకంటే ఆ ప్రశ్నకి మా ఇంట్లో జవాబు ఎప్పుడో తేలిపోయింది. "మెట్లు దిగితే లాండ్రీ, ఎక్కితే ఇల్లు. నీడపట్టున ఉంటావు, నీకేం కష్టమే తల్లీ" అని మా అత్తగారు వారానికోసారైనా అంటారు. "మా ఆవిడా? ఏం చెయ్యదండీ, ఇంట్లోనే" అని ఈయన బ్యాంకులో, పెళ్ళిళ్ళలో, చివరికి నా పంటి డాక్టరు దగ్గర కూడా చెప్పాడు. పిల్లదాని బడి కాగితంలో తల్లి వృత్తి అన్నచోట స్కేలు పెట్టి మరీ ఒక గీత గీశాడు. గీత మాత్రం చక్కగా వచ్చింది. ఆ గీతనే ఇప్పుడు ఆఫీసరమ్మకి చూపిస్తాడేమో అనుకున్నాను.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "పొద్దున్నే బాయిలరు వెలిగించేది ఈవిడేనండీ" అని మొదలుపెట్టాడు. "ముందు గాజు గొట్టంలో నీళ్ళు చూస్తుంది. సగానికి పైన ఉంటేనే గ్యాసు తిప్పుతుంది. మంట అంటుకోగానే ఒక అడుగు వెనక్కి వేస్తుంది, తల పక్కకి వంచి వింటుంది. ఈల చప్పుడు ఆగాకే ఆవిరి వదుల్తుంది. ఆసుపత్రి దుప్పట్లని హోటలు దుప్పట్లతో కలవనివ్వదండీ. నెత్తురు మరకకి వేడినీళ్ళు తగలనివ్వదు, చల్లనీళ్ళలోనే నానేస్తుంది. తువ్వాళ్ళు తగ్గాయని హోటలు మేనేజరు ఎగిరెగిరి పడుతుంటే ఫోను ఈవిడ తీసుకుంటేనే దిగొస్తాడు. ఎవరు రాకపోతే వాళ్ళ పని ఈవిడదే. మడత పెట్టాక అరచేత్తో ఒక్కసారి నిమిరి చూస్తుంది, తడి తగిలితే మళ్ళీ ఆరెయ్యాల్సిందే, నేను చెప్పినా వినదు. అదయ్యాక పైకెళ్ళి వంట..." "వంట ఇందులోకి రాదు లెండి" అంది ఆఫీసరమ్మ రాసుకుంటూ. ఎందుకు రాదో నాకు అర్థం కాలేదు గానీ, అడిగే స్థితిలో లేను.

నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఎవరీవిడ? ఇన్ని పనులు ఒక్క మనిషి ఎలా చేస్తోంది? ఎక్కడో విన్న గొప్పావిడ గురించి చెబుతున్నట్టుంది, వెళ్ళి ఒకసారి చూసి రావాలనిపించింది. ఇంతలో మెట్లమీద మా అత్తగారు. పైనుంచి అంతా విన్నారు. "అమ్మా, నా కోడలు కూర్చోగా నేను చూడలేదు" అన్నారు రొమ్ము మీద చెయ్యేసుకుని. "మొన్న జ్వరంలో కూడా, వద్దన్నా వినకుండా, గోడకి ఆనుకుని నిలబడి ఆసుపత్రి దుప్పట్లు మడతేసింది." ఆవిడ వద్దన్నది నాకు గుర్తులేదు, మిగిలిందంతా నిజం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గర్వంగా ఉంది.

అప్పుడు తట్టింది. మంట అంటుకోగానే ఒక అడుగు వెనక్కి వేస్తానని నేనెవరికీ చెప్పలేదు. వేస్తానని నాకే తెలియదు. తల పక్కకి వంచుతానని తెలియదు. ఇన్నేళ్ళూ పాపం ఈయనకి కనపడలేదు కాబోలు, మగవాళ్ళకి ఇవన్నీ ఎక్కడ కనపడతాయి అని నన్ను నేనే సముదాయించుకుంటూ వచ్చాను. కనపడనివాడి మీద కోపమెలా తెచ్చుకుంటాం? కానీ ఈయన చూశాడు. ఒక్కటి వదలకుండా అన్నీ చూశాడు, చూసే ఆ గీత గీశాడు.

"సరే, నమ్మాను" అంది ఆఫీసరమ్మ. "మరి ఈవిడకి వారం సెలవు ఎప్పుడిస్తున్నారు?"

గండం గడిచిందన్న సంబరంలో మా ఆయన నాలుక జారింది. "ఆవిడకి సెలవేంటండీ, ఇంట్లో మనిషి!"

ఆఫీసరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఇంట్లో మనిషైతే జీతం చెల్లదు. ఉద్యోగి అయితే సెలవు ఇచ్చి తీరాలి, జీతం ఖాతా ఆవిడ చేతిలోనే ఉండాలి. ఏదని రాసుకోమంటారు?"

మా ఆయన ఆఫీసరమ్మ వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, చివరికి నావైపు చూశాడు. జవాబు కోసం ఆయన నా మొహం చూడటం అదే మొదలు. బెదిరిపోయి, చిన్నపిల్లాడిలా ఉన్నాడు. జాలేసింది కూడా. జాలేస్తే నేను మామూలుగా లేచి టీ పెడతాను.

"ఉద్యోగినే. రాసుకోండమ్మా" అన్నాను. "సెలవు రేపే. ఖాతా పుస్తకం ఆ సొరుగులో ఉంటుంది, ఇప్పుడే తీసుకుంటాను."

సొరుగు తీసి పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. ఆఫీసరమ్మ వెళ్తూ వెళ్తూ, నా పింఛను ఖాతాలో ఇన్నేళ్ళ జమా అలాగే ఉందనీ, నా సంతకం లేకుండా దాన్ని ఎవరూ ముట్టుకోలేరనీ చెప్పింది. పంటి డాక్టరు డబ్బుకి నాలుగుసార్లు అడిగించుకున్న మనిషి, చట్టానికి జడిసి, నా ముసలితనానికి నెలనెలా దాచాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఇస్త్రీ అక్క చేతిలోంచి దుప్పటి కొస అందుకున్నాను. ఆ దుప్పటి మధ్యలో ఆగిపోయింది కదా.

తెల్లారి నేను కిందికి దిగలేదు. షట్టరు లేచిన చప్పుడు వినపడింది. కాసేపటికి మా ఆయన గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమైంది, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. సెలవు."

"ఏదో ఆవిడ ముందు అన్నావనుకున్నాను. మరి బాయిలరో? అది నాకెక్కడొచ్చు!"

"నిన్న ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పారు కదండీ. అలాగే వెలిగించండి. మంట అంటుకోగానే ఒక అడుగు వెనక్కి."

మెట్లు దిగిపోయాడు. నేను మంచం మీదే చెవులొగ్గి కూర్చున్నాను. గ్యాసు తిప్పిన చప్పుడు. భగ్గుమంది. ఈల మొదలైంది, నిదానంగా సాగి ఆగింది. ఆవిరి వదిలాడు. మొదటిసారికే వెలిగింది. ఆయనకి వచ్చు.

అప్పుడు చూశాను. కిటికీలోంచి ఎండ వచ్చి అలమారా మీద పడి, నేలమీదికి దిగి, మంచం దాకా పాకుతోంది. గదంతా వెలుగు. కాపురానికి వచ్చిన నాటినుంచి ఉంటున్న గదిలోకి ఇంత ఎండ వస్తుందని నాకు తెలియదు. ఆ వేళప్పుడు నేనెప్పుడూ అక్కడ లేను. మంచం అంచుకి జరిగి, రెండు కాళ్ళూ ఎండలో పెట్టుకుని, అది ఎంతవరకు వస్తుందో చూద్దామని కూర్చున్నాను.