ఇవాళ దేవుడు కాస్త ఉప్పగా ఉన్నాడు

ఆర్.కె. పురంలో పొద్దున అయిదింటికి పంపులో నీళ్ళొస్తాయి, ఆరు కొట్టేసరికి ఆగిపోతాయి. ఆ గంటలో మార్తమ్మ తిరిగే తిరుగుడు చూస్తే మనకే కళ్ళు తిరుగుతాయి. బకెట్లు, బిందెలు, కూలరు తొట్టి, వంటింట్లో డ్రమ్ము, అన్నీ నింపుకుని, ఆఖర్న గేటు దగ్గర వేపచెట్టు కింద ఉన్న కుండ నింపుతుంది. మూత పెట్టి, మూత మీద స్టీలు గ్లాసు బోర్లించి, "స్తోత్రం ప్రభువా" అనుకుని లోపలికెళ్ళి స్టవ్వు వెలిగిస్తుంది. పెళ్ళై ఢిల్లీ వచ్చిన ఈ ఎనిమిదేళ్ళలో ఒక్కరోజు తప్పితే ఒట్టు.

దారిన పోయేవాళ్ళకి నీళ్ళు పెట్టడం ఆ ఊళ్ళో కొత్తేం కాదు. జూన్ నెలలో ఆ వడగాలి మొహాన కొడుతుంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది, పెట్టకుండా ఉండడానికి? కానీ ఈ కుండకో గుణం ఉంది. నిన్న ఇంట్లోవాళ్ళు ఎలా నడుచుకున్నారో, ఇవాళ నీళ్ళు అలా ఉంటాయి. మార్తమ్మ భర్త దైవాదీనం ఏదో మంత్రిత్వశాఖలో క్లర్కు. ఆయన ఆఫీసు నుంచి వస్తూ బస్టాపు దగ్గర ఓ ముసలాయన సంచీ మోసి ఇంటి దాకా దిగబెట్టాడనుకోండి, మర్నాడు నీళ్ళు లేత కొబ్బరినీళ్ళు. మార్తమ్మ రెండు వంకాయల కోసం కూరగాయలవాడి మీద నోరు పారేసుకుందనుకోండి, ఉప్పు. కుండ పెట్టింది యేసుప్రభువు పేరున కాబట్టి, కాలనీవాళ్ళు ఆ రుచిని ఆయనకే అంటగట్టేవారు.

"భాభీజీ, ఇవాళ మీ దేవుడు కాస్త ఉప్పగా ఉన్నాడు," అనేవాడు పోస్ట్‌మాన్ దశరథ్, మీసాలు తుడుచుకుంటూ. "నిన్న ఎవర్నైనా తిట్టారా ఏంటి?"

"పోవయ్యా, నువ్వూ నీ నాలుకా!" అని కసిరేది మార్తమ్మ. కసిరి, సాయంత్రం దాకా కిటికీలోంచి కూరగాయల బండి కోసం చూస్తూ కూర్చునేది.

చిక్కేమిటంటే, ఇంట్లో వాళ్ళిద్దరికీ ఆ రుచి తెలిసేది కాదు. వాళ్ళ నోటికి అవి ఎప్పుడూ ఉత్త మంచినీళ్ళే. తమ దేవుడు ఎలా ఉన్నాడో తెలియాలంటే దశరథ్‌నో, ఇస్త్రీ బండివాణ్ణో, పక్కనున్న మునిర్కాలో గదులు తీసుకుని చదువుకునే కుర్రాళ్ళనో అడగాల్సిందే.

ఆ కుండ మార్తమ్మ తాతది. గుంటూరు దగ్గర పల్లె నుంచి జి.టి. ఎక్స్‌ప్రెస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. ఆదివారం వాళ్ళ ముందుగదిలో తెలుగువాళ్ళు పదహారుమంది ప్రార్థనకి కూడినప్పుడు, ఏడాదికోసారైనా లేచి నిలబడి ఆ కుండ సాక్ష్యం చెప్పేది. ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఓ ముసలమ్మ, పెద్దకులంలో పుట్టిన విధవరాలు, మిట్టమధ్యాహ్నం తాత గుమ్మం ముందు నిలబడి నీళ్ళడిగిందట. "మా నీళ్ళు మీరు తాగకూడదమ్మా" అన్నాడట తాత. ఆవిడ దోసిలి పట్టి తాగిందట. తాగి, "ఇంకొంచెం పొయ్యి నాయనా" అందట.

"మొదటిసారి తాగినప్పుడు నేను నమ్మలేదు, ఇంకొంచెం అన్నాక నమ్మాను అనేవాడు మా తాత," అని మార్తమ్మ కళ్ళు తుడుచుకుంటే, అందరూ ఆమెన్ అనేవాళ్ళు.

అయితే సాక్ష్యంలో ఒక్క ముక్క మాత్రం మింగేసేది. ఆ పల్లె మాలపల్లె అని చెప్పేది కాదు. ఎలా చెబుతుంది? పైన మొదటి అంతస్తులో అన్నపూర్ణేశ్వరిగారు ఉంటారు. వాళ్ళాయన సెక్షన్ ఆఫీసరు, ఇద్దరిదీ మడీ ఆచారం ఉన్న ఇల్లు. నోములకి పేరంటానికి పిలుస్తుంది, పండక్కి పులిహోర పంపిస్తుంది. "క్రైస్తవులైతేనేం, మంచి కుటుంబీకులు" అని నలుగురితో అంటుంది. ఆ మాట ఎక్కడ చేజారిపోతుందోనని మార్తమ్మకి ఎనిమిదేళ్ళుగా గుండెల్లో దడే.

ఆ దడ చేయించిన పని ఇంకోటి ఉంది. కుండ మీద స్టీలు గ్లాసుంటే, పిట్టగోడ మీద ఓ సొట్టలుపోయిన సత్తు గ్లాసు ఉండేది. స్టీలుది పోస్ట్‌మాన్‌కీ, బాబులకీ, కుర్రాళ్ళకీ. సత్తుది ఊడ్చే ఆడవాళ్ళకీ, కూలివాళ్ళకీ. అన్నపూర్ణేశ్వరిగారి ఇంట్లో అలాగే చేస్తారు, కాలనీలో సగం ఇళ్ళల్లో అలాగే చేస్తారు, మనం మాత్రం చెయ్యకపోతే ఎందుకని అడగరూ?

ఆ ఏడు, అంటే ఎనభై రెండులో, ఢిల్లీ అంతా తవ్వకాలే. నవంబరుకి ఆసియా క్రీడలట, అప్పటికల్లా రోడ్లూ వంతెనలూ లేవాలట. మట్టి మొయ్యడానికి పాలమూరు నుంచి కూలీలు లారీల కొద్దీ దిగారు. మునిర్కా వెనక బయల్లో వాళ్ళ గుడారాలు. వాళ్ళలో ఒకమ్మాయి, నిండు కడుపుతో, నెత్తిన గుడ్డచుట్ట తియ్యకుండానే ఓ పూట గేటు దగ్గర ఆగిపోయింది. లోపల మార్తమ్మ పాలు పొంగిపోయాయని తనని తనే తెలుగులో తిట్టుకుంటోంది.

"అక్కా! నువ్వు తెలుగామెవా?" అని అరిచింది ఆ అమ్మాయి సంబరంగా.

పేరు గౌరి. భర్త లింగయ్య అక్కడే పారపని. మార్తమ్మ పిట్టగోడ మీది గ్లాసు అందుకుని పైనుంచి పోసింది. గౌరి గటగటా తాగి, "తియ్యగున్నయక్కా. ఎవలు వెట్టిన్రు ఈ కుండ?" అంది.

"మా యేసయ్య పేరున పెట్టామమ్మా."

"మంచిగున్నడు మీ యేసయ్య," అంది గౌరి, ఎవరో ఎరిగున్నవాళ్ళ గురించి అన్నట్టు.

రోజూ పదకొండింటికి వచ్చేది. తాగేది, రెండు మాటలు చెప్పేది, పోయేది. ఆ రెండు మాటల కోసం మార్తమ్మ కూడా ఎదురుచూడ్డం మొదలుపెట్టింది. పదిహేను రోజులయ్యాక ఓ పూట గౌరి గ్లాసు చేతిలో తిప్పుతూ నిలబడింది.

"అక్కా, ఒక మాటడుగుత, కోపం జెయ్యొద్దు."

"అడగవే."

"పోయినసారి బొంబాయిల ఉన్నం. కడుపుల పిల్ల కదుల్తలేదని దవాఖానకు వోయిన. నా మాట వాళ్ళకు తెల్వదు, వాళ్ళ మాట నాకు తెల్వదు. పక్కకు కూసోమన్నరు. కూసున్న. గంతే, పిల్ల సచ్చిపోయె." కొంగుతో మొహం తుడుచుకుంది. "గీసారి నొప్పులొస్తే నువ్వు నా ఎంట రావాలె. ఇంకేం వద్దు. నేను జెప్పింది హిందీల జెప్పు, సాలు."

వస్తానే అని మార్తమ్మకి నోటిదాకా వచ్చింది. అంతలో పైన డాబా మీద అన్నపూర్ణేశ్వరిగారు తడి చీర దులుపుతున్న చప్పుడు. మట్టి కూలీ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆటోలో కాలనీ మధ్య నుంచి పోతే? "ఎవరమ్మా, మీ బంధువులా?" అని ఆవిడ అడిగితే?

"చూద్దాంలే గౌరీ. నీ కోసం ప్రార్థన చేస్తాను."

"ప్రార్థన జేస్తవు గని, వస్తవా?"

"చేస్తానన్నాగా అమ్మా," అంది మార్తమ్మ, చూపు తప్పించి.

చేసింది కూడా. అబద్ధం చెప్పకూడదు, ఆ సాయంత్రం మోకాళ్ళ మీద అరగంట కన్నీళ్ళతో చేసింది. మర్నాడు దశరథ్ ఒక్క గుక్క తాగి తుపుక్కున ఊశాడు.

"భాభీజీ! ఏం చేశారు మీరు? మీ దేవుడు విషంలా చేదుగా ఉన్నాడు!"

పదకొండింటికి గౌరి వచ్చింది. నోట్లో పోసుకుని ఆగింది. ఊయలేదు పాపం, కళ్ళు మూసుకుని మింగింది. గ్లాసు గోడ మీద మెల్లగా పెట్టి, "చేదుగున్నడక్కా," అంది. కోపం లేదు ఆ గొంతులో. మార్తమ్మకి అదే భరించడం కష్టమైంది. గౌరి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది, మర్నాడు రాలేదు.

"వేపాకు రాలి ఉంటుందిలే," అన్నాడు దైవాదీనం. మార్తమ్మ కుండని బూడిద పెట్టి తోమింది, పైన గుడ్డ కట్టింది, నీళ్ళు మార్చింది. చేదే. ఇస్త్రీవాడు కూడా ఎదురింటి కుండకి మారిపోయాడు.

గౌరి రాని రెండోరోజు పొద్దున అన్నపూర్ణేశ్వరిగారు కరివేపాకు కోసం కిందికి దిగి, పోతూపోతూ పిట్టగోడ దగ్గర ఆగింది.

"ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలమ్మాయ్ నిన్ను," అంది మనస్ఫూర్తిగా. "ఆ కూలిపిల్ల ఎంత పూసుకుని తిరిగినా, గ్లాసు మాత్రం వేరేగానే పెట్టావు. మీ దేవుడు అందరినీ ఒకటే అంటాడని ఎక్కడో విని ఏమిటో అనుకున్నాను. ఈ గ్లాసు చూశాక మా వారితో అన్నాను, వాళ్ళ దేవుడూ అచ్చం మన దేవుడిలాంటివాడేనండీ అని."

ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. మార్తమ్మ అక్కడే నిలబడిపోయింది. ఎంత మంచి మాట! ఎనిమిదేళ్ళుగా ఆ మాట కోసమేగా ఆమె ఇంత చేసింది. వచ్చాక చూస్తే, ఎవరో చెంప ఛెళ్ళుమనిపించినట్టుంది.

నోరెండిపోయింది. ఎదురుగా ఏముందో చూసుకోకుండా చేతికందిన గ్లాసు తీసుకుని, కుండలో ముంచి తాగింది. అది సత్తు గ్లాసు.

ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆమెకి ఆ నీళ్ళ రుచి తెలిసింది. చేదు! నాలుక మొద్దుబారి, కళ్ళలో నీళ్ళు తిరిగేంత చేదు. దీన్నా ఆ పిల్ల ఊయకుండా మింగింది? దీన్నా నేను ప్రభువు పేరు పెట్టి పోశాను? "అయ్యో తాతా," అంది పైకే. చెప్పులు వేసుకుందో లేదో, తలుపు గొళ్ళెం పెట్టిందో లేదో, ఎండలో మునిర్కా దారి పట్టింది.

గుడారం ముందు లింగయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. లోపల గౌరి అటు తిరిగి పడుకుని ఉంది. మార్తమ్మని చూసి కూడా ఇటు తిరగలేదు.

"దాహంగా ఉందయ్యా. కాసిని నీళ్ళు పొయ్యి," అంది మార్తమ్మ నేల మీద చతికిలబడి.

లింగయ్య తటపటాయించాడు. "మా నీళ్ళు తాగుతవామ్మా?"

"పొయ్యవయ్యా."

మూలనున్న డబ్బాలోంచి రేకు చెంబుతో తెచ్చిచ్చాడు. వేడెక్కిన నీళ్ళు, అడుగున ఇసక. మార్తమ్మ చెంబు ఎత్తి మొత్తం తాగి, చెంబు ముందుకు చాపింది.

"ఇంకొంచెం పొయ్యి."

అప్పుడు కదిలింది గౌరి. మెల్లగా ఇటు తిరిగి, మార్తమ్మ చెయ్యి పట్టుకుంది. "అక్కా," అంది, "పొద్దుగాల్నించి కదుల్తలేదు."

ఆ తర్వాత పనులన్నీ గాలిలో జరిగినట్టు జరిగిపోయాయి. మార్తమ్మ హిందీ అంతా కూరగాయల హిందీయే. బెండకాయలూ వంకాయలూ తప్ప ఆ భాషలో దేన్ని గురించీ అరిచి ఎరగదు. అలాంటి మనిషి పెద్దాసుపత్రి వరండాలో నిలబడి గోడలు అదిరేలా అరిచింది, "బచ్చా హిల్ నహీ రహా! సుబహ్ సే!" అని. డాక్టరమ్మ తల తిప్పింది. ఇంకోసారి చెప్పమంది. మార్తమ్మ గౌరిని అడిగింది, గౌరి చెప్పింది, మార్తమ్మ చెప్పింది. స్ట్రెచరు పరిగెత్తుకుంటూ వచ్చింది.

"మీరేమవుతారు?" అంది నర్సు కాగితం రాస్తూ.

"అక్కని."

పేగు మెడకి రెండు చుట్లు చుట్టుకుందట. ఇంకో అరగంటయితే మేమూ ఏం చెయ్యలేకపోయేవాళ్ళం అంది డాక్టరమ్మ. ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు, ఓ నిమిషం తర్వాత ఏడ్చింది. ఆ నిమిషంలో మార్తమ్మ ఏం ప్రార్థన చేసిందో ఆమెకే గుర్తులేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అన్నపూర్ణేశ్వరిగారు డాబా మీదే ఉంది. భయపడ్డ ప్రశ్న అడగనే అడిగింది. "ఆ కూలిపిల్లతో ఆటోలో వెళ్ళావటగా. ఏం, మీ బంధువులా?"

"బంధువులేనండీ," అంది మార్తమ్మ తలెత్తి. "మాది గుంటూరు దగ్గర మాలపల్లె. ఈ కుండ మా తాతది."

పైన తలుపు మూసుకుంది. ఆ తర్వాత అయిదు నెలల పాటు ఆ మెట్ల మీంచి పులిహోర దిగలేదు, పేరంటానికి పిలుపు రాలేదు. మార్తమ్మకి బాధనిపించలేదంటే అబద్ధం. దసరా రోజుల్లో పైన పాటలు వినబడుతుంటే వంటింట్లో కూర్చుని ఏడ్చింది కూడా.

పిట్టగోడ మాత్రం ఖాళీ అయింది. సత్తు గ్లాసు వంటింట్లోకి చేరింది. రోజూ పొద్దున కుండ నింపాక ఆ గ్లాసుతోనే ఓ గుక్క తాగి చూసుకోవడం మార్తమ్మకి అలవాటైపోయింది. ఉప్పగా ఉన్న రోజున స్టవ్వు వెలిగించకముందే చెప్పులేసుకుని ఎవరింటికో బయల్దేరేది. దైవాదీనం కాఫీ కోసం ఎదురుచూస్తూ పేపరు రెండోసారి చదువుకునేవాడు.

నవంబరు వచ్చింది. ఆటలు మొదలయ్యాయి, పనులు అయిపోయాయి, పాలమూరు వాళ్ళు మూటలు కట్టారు. పోయే రోజు పొద్దున గౌరి అయిదు నెలల పిల్లని చంకనేసుకుని వచ్చింది. పిల్ల బొద్దుగా ఉంది, నెత్తి నిండా జుట్టు.

"అక్కా, దీనికి ఇంకా మీ యేసయ్య ఎట్లుంటడో తెల్వదు," అంది నవ్వుతూ. కుండ మూత తీసి, వేలు ముంచి, పిల్ల పెదాలకి రాసింది.

దశరథ్ ఉత్తరాల కట్ట పట్టుకుని ఆగిపోయాడు. లింగయ్య మూట దించాడు. ఇస్త్రీవాడు పెట్టె ఎత్తి పట్టుకుని అలాగే చూస్తున్నాడు. మార్తమ్మకి ఊపిరాడలేదు. పొద్దున తను తాగి చూసింది, బాగానే ఉన్నాయి, అయినా సరే. పిల్ల మొహం చిట్లించింది. పెదాలు చప్పరించింది. ఏదో ఆలోచించినట్టు కాసేపు ఊరుకుంది.

డాబా మీంచి అన్ని నెలల తర్వాత ఒక గొంతు వినబడింది.

"ఏమంటోందే పిల్ల?" అంది అన్నపూర్ణేశ్వరిగారు, కొంగు సర్దుకుంటూ కిందికి వంగి. "ఎలా ఉన్నాడట?"

పిల్ల రెండు చేతులతో గౌరి వేలు పట్టుకుని, నోరు బార్లా తెరిచింది.

మార్తమ్మ గేటు పట్టుకుని నిలబడి, ఏడుపూ నవ్వూ కలిసిపోయిన గొంతుతో పైకి చెప్పింది.

"ఇంకొంచెం కావాలంటోందండీ."