పదమూడు నెలల పరుగు

2001లో నేను నాలుగు పరుగు పందాల్లో పాల్గొన్నాను. అప్పటికి నాకు నలభై మూడేళ్ళు. గుణదలలో ఉంటూ, విజయవాడలోనే ఒక మునిసిపల్ హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. అంతకుముందు బస్సు కోసం కూడా పరుగెత్తిన గుర్తు లేదు.

ముందటి డిసెంబరులో మావారు రామకోటేశ్వరరావు గారు గుండెపోటుతో పోయారు. ఆ సంగతి ఇంతకంటే రాయను.

మా వైపు ఒక పట్టింపు ఉంది. భర్త పోయిన మనిషిని పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళి, ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెట్టుకోవాలి. నిద్ర చేయించడం అంటారు. ఆ నిద్ర అయ్యేదాకా ఆమె ఇంకెవరి గడపా తొక్కకూడదు. నాకు పుట్టిల్లంటే గుడివాడలో ఉన్న తమ్ముడు తిరుపతిరావు ఒక్కడే.

"అక్కా, ఏమీ అనుకోమాక. శ్రీదుర్గకి శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్నాం. పెళ్ళవగానే నేనే వచ్చి తీసుకెళ్తా" అన్నాడు ఫోన్లో.

మేనకోడలి పెళ్ళయింది. నేను వెళ్ళలేదు. తర్వాత అధికమాసం అడ్డొచ్చింది. ఆ తర్వాత కొత్త అల్లుడు వచ్చి ఉన్నాడు. ప్రతిసారీ వాడి గొంతు కాస్త చిన్నదవుతుంటే వినలేక ఫోన్ చేయడం నేనే మానేశాను. అధికమాసం మూలాన సంవత్సరీకం కూడా నెల వెనక్కి జరిగి, ఆ ఏడాదికి పదమూడు నెలలయ్యాయి.

బడికి వెళ్ళడానికి అభ్యంతరం లేదు. బడి ఇల్లు కాదు కదా. రోడ్డూ ఇల్లు కాదు. తెల్లవారుజామున మెలకువ వస్తే పడుకుని ఉండలేక బయటికి నడిచేదాన్ని. నాలుగు రోజులు చూసి మా అత్తగారు వెంకటరత్నమ్మ గారు, "పొద్దున్నే ఊళ్ళకి పోయేవాళ్ళకి ఎదురొస్తే నాలుగు మాటలంటారమ్మాయ్. కాలవ గట్టు మీదకి పో. ఆడ గేదెలే గదా ఉండేది, అయ్యేమీ అనుకోవు" అన్నారు. పోయింది ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. అది ఎత్తిపొడుపో జాలో నేను తేల్చుకోలేదు. మర్నాటి నుంచి ఏలూరు కాలువ గట్టు మీదకి వెళ్ళాను. అక్కడ చూసేవాళ్ళెవరూ లేకపోవడంతో నడక పరుగైంది.

మా బడి వ్యాయామ ఉపాధ్యాయుడు కరిముల్లా గారు ఒకరోజు సైకిల్ మీద వెళ్తూ నన్ను చూశారు. సాయంత్రం పిల్లలు వెళ్ళాక అన్నారు.

"మేడం, ఒక మాట చెప్పొచ్చాండీ? మీ కాళ్ళు బానే ఉన్నాయి. చేతులే, బోర్డు తుడుస్తున్నట్టు ఊపుతున్నారు."

"ఇరవై ఏళ్ళ అలవాటండీ."

"ఆ డస్టర్ కింద పడేసి పరిగెత్తండి. ఏప్రిల్లో స్టేడియం దగ్గర మూడు కిలోమీటర్ల రన్ ఉంది. పేరు రాయించేస్తన్నా."

ఆ మొదటి పందెంలో నా వెనక అంబులెన్స్ తప్ప ఇంకేమీ లేదు. డ్రైవర్ తల బయటికి పెట్టి, "ఎక్కుతారా అమ్మా?" అన్నాడు. అక్కర్లేదన్నాను. కాసేపాగి, "నాకు డ్యూటీ దిగే టైమైందమ్మా" అన్నాడు. ఆ మాటకు నవ్వొచ్చింది. డిసెంబరు తర్వాత నేను నవ్వడం అదే మొదలు. పంజాబీ డ్రస్సు మీద చున్నీ అడ్డంగా ముడేసుకుని, పీటీ షూలతో, ఆ నవ్వుతోనే గీత దాటాను.

ఆగస్టులో మంగళగిరి, అక్టోబరులో గన్నవరం. అవి అయిదేసి కిలోమీటర్లు. మంగళగిరిలో పందొమ్మిది మందిలో పన్నెండోదాన్ని. గన్నవరంలో వాన. రెండింటికీ తెల్లవారుజామున తొలి బస్సెక్కి వెళ్ళి, అయిపోగానే వచ్చేశాను. ఎక్కడికి వెళ్ళినా కాఫీకి రమ్మనేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. నాకింకా నిద్ర చేయించలేదండీ అనేదాన్ని. వాళ్ళు తలూపి పక్కకు తప్పుకునేవాళ్ళు.

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు చాలా అనువుగా ఉండేది. ఎవరింటికైనా వెళ్తే ఆయన గురించి అడుగుతారు. మావారు నీటిపారుదల శాఖలో గుమాస్తా. కాలువకు నీళ్ళు ఎప్పుడు వదులుతారో ఊరందరికంటే ఒక రోజు ముందు నాకు తెలిసేది. ఆ ఏడు గట్టు మీద పరుగెత్తుతూ, కింద పారుతున్న నీళ్ళను చూశాకే వదిలారని తెలిసింది. అలాంటివి ఎవరికీ చెప్పాలనిపించలేదు. పట్టింపును తిట్టుకుంటూనే దాని వెనక దాక్కున్నాను.

డిసెంబరులో బందరులో జిల్లా వెటరన్స్ పోటీలు. పది కిలోమీటర్లు, పొద్దున ఆరింటికి మొదలు. తొలి బస్సుకు వెళ్ళినా అందదు. ముందు రోజే వెళ్ళి ఎక్కడో పడుకోవాలి.

"మా అక్కా వాళ్ళిల్లు అక్కడే, చిలకలపూడిలో మేడం. మా బావ పేరు నన్నే సాహెబ్, రోల్డుగోల్డు నగల పని చేస్తాడు. రంజాన్ కదా, వాళ్ళెలాగూ నాలుగింటికి లేస్తారు. మిమ్మల్ని లేపే పని కూడా ఉండదు" అన్నారు కరిముల్లా గారు.

"నాకు ఇంకా..."

"తెలుసండీ. మా నాన్న పోయినప్పుడు మా అమ్మ నాలుగు నెలల పది రోజులు గుమ్మం దాటలేదు. పదకొండో రోజున కూరల మార్కెట్టుకి పోయి వంకాయల దగ్గర గొడవ పెట్టుకొచ్చింది. మీదింకా ఎన్నాళ్ళండీ?"

వారం రోజులు ఆలోచించాను. వెళ్ళకపోతే ఎవరూ ఏమీ అనరు. వచ్చే ఏడు కూడా ఎవరూ ఏమీ అనరు. అలా ఎన్నేళ్ళయినా గడిపేయగలనని అర్థమయ్యాక భయం వేసింది. అత్తగారితో బందరు పోటీలకని మాత్రం చెప్పి, శనివారం బడి కాగానే బస్సెక్కాను. కరిముల్లా గారు ఏర్పాట్లు చూడటానికి పొద్దున్నే వెళ్ళిపోయారు.

నేను రిక్షా దిగేసరికి పొద్దు గూకి, వాళ్ళు అప్పుడే రోజా ఉపవాసం విడిచారు. కరిముల్లా గారి అక్క సాలేహా గుమ్మంలోకి వచ్చింది. నేను మెట్టు కింద నిలబడిపోయాను.

"నాకు ఇంకా ఏడాది కాలేదండీ. మా వాళ్ళెవరూ నిద్ర చేయించలేదు. మీకు తెలియకుండా లోపలికి రావడం..."

"తమ్ముడు చెప్పాడు లెండి. తలుపు తీసి ఉంటే దోమలొస్తన్నాయి అక్కా, ముందు లోపలికి రండి" అందామె.

వెళ్ళాను.

కుడికాలు పెట్టానో ఎడమకాలు పెట్టానో గుర్తు లేదు.

చాప వేసి అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చుని, నేను ఏడాదిగా తప్పించుకు తిరుగుతున్న మాటే అడిగింది.

"మీ ఆయన ఎట్టా ఉండేవారు అక్కా?"

ఎలా పోయారని అడగలేదు. ఎలా ఉండేవారని అడిగింది. కాలువ నీళ్ళ సంగతి చెప్పాను. ఆయనకు ఈత రాదని చెప్పాను. నన్నే సాహెబ్ గారు వాకిట్లో నుంచి, "ముప్పై ఏళ్ళు కాలవల ఆఫీసులో చేసి ఈత రాదా?" అని అడిగారు. రాదండీ అన్నాను. ఇంకా చాలా చెప్పాను. కళ్ళు తుడుచుకున్నాను కూడా. ఎంతసేపైందో తెలియదు గానీ పళ్ళెంలో అన్నం చల్లారిపోయింది. సాలేహా అది తీసేసి వేడిది పెట్టింది. ఆ రాత్రి మధ్యలో మెలకువ రాలేదు.

నాలుగింటికి వాళ్ళు సహరీకి లేచారు. తెల్లారక ముందే వాళ్ళు అన్నం తింటుంటే, నేను స్నానం చేసి వచ్చి పక్కన కూర్చుని టీ తాగి అరటిపండు తిన్నాను.

నలభై దాటిన ఆడవాళ్ళ విభాగంలో మేం నలుగురం. మూడోదాన్నయ్యాను. గంటా పద్నాలుగు నిమిషాలు. ఏడో కిలోమీటరు దగ్గర ఆయన గుర్తొచ్చారు. అంతకుముందు అలా గుర్తొస్తే కాళ్ళు ఆగిపోయేవి. ఈసారి ఆగలేదు. కరిముల్లా గారు ఉపవాసంతో గొంతు తడుపుకోకుండా ముగింపు గీత దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరికీ నీళ్ళందిస్తున్నారు. నా చేతికి గ్లాసిచ్చి, "డస్టర్ కనపడలేదు మేడం" అన్నారు.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. అత్తగారు మంచం మీద కూర్చుని బియ్యం ఏరుతున్నారు. కంచు పతకాన్ని ఒకసారి తిప్పి చూసి పక్కన పెట్టారు.

"రాత్రి ఏడ పడుకున్నావ్?"

దాచదలుచుకోలేదు. "కరిముల్లా గారి అక్కగారింట్లో."

చేతులు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"అన్నం పెట్టారా?"

"పెట్టారు."

"ఏం కూర?"

"వంకాయ, ఎండు రొయ్యలు."

"పొద్దున లేచి స్నానం చేశాక, ఆ ఇంట్లో ఏదన్నా నోట్లో వేసుకున్నావా?"

"టీ తాగాను. అరటిపండు తిన్నాను."

"అయితే నిద్ర చేసొచ్చినట్టే."

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. "వాళ్ళు మా పుట్టింటి వైపు కాదు గదా అత్తయ్యా. సాయిబులు."

"వాళ్ళెవరని నేనడిగానా? నీ తమ్ముడు చెయ్యాల్సింది ఎవరో తల్లి చేసింది. చల్లగా ఉండాల." చేటలోంచి ఒక రాయి ఏరి పారేశారు. "ఇంట్లో తోడు అయిపోయింది. ఏడాది నుంచీ ఈ మోకాళ్ళతో నేనే పోతన్నా. ఆదెమ్మ గారింటికి పోయి కాస్త పెరుగు తీసుకురా."

ఆదెమ్మ గారిది పక్కిల్లే. పదమూడో నెల వచ్చినా గోడ మీద నుంచే మాట్లాడుకుంటున్నాం. గ్లాసు పట్టుకుని వెళ్ళాను. వాళ్ళ గుమ్మానికి మూడు మెట్లు. పొద్దుటి పది కిలోమీటర్లకు తొడలు పట్టేసి, ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని ఎక్కాల్సి వచ్చింది.

ఆదెమ్మ గారు వంటింట్లోంచి తొంగి చూశారు. నన్నూ, నా చేతిలోని గ్లాసునూ చూసి, ఒక్క క్షణం నిలబడ్డారు.

"ఏంటి రాజ్యలక్ష్మీ, కుంటుతున్నావ్?" అన్నారు. "లోపలికొచ్చి కూర్చో ముందు."